గుక్కెడు నీలగిరి తైలం

ఓబులేసు సీసా బిరడా పళ్లతో ఊడబెరికి, తల వెనక్కి వంచి, నోట్లోకి ఒంపుకున్నాడు.

పెరటి గడపలో నిలబడి లక్ష్మీదేవమ్మ చూస్తూనే ఉంది. పుక్కిలించి ఉమ్ముతాడనుకుంది. ఉమ్మలేదు. గొంతు కదిలింది. మొగుడు మళ్లీ సీసా ఎత్తాడు. ఈసారి కళ్లవెంట నీళ్లు కారాయి. నీలగిరి తైలం ఘాటు పెరడంతా నిండింది.

"అది ఒంటికి రాసుకునేది గదా," అంది.

"రాసుకునేదైతే పిల్లోళ్లకు చక్కెరలో ఏసి ఎందుకు పెడ్తాండావు? మొన్న దగ్గుకు నాకే పెడ్తివి."

"రెండు చుక్కలు."

"రెండు చుక్కలకు నా నోరు కడుగుతాదా మేయ్? ఈరన్న చెయ్యి నా మూతికాడికి వస్తాది. ఆ ముసిలోనిది కుక్క ముక్కు. సారా వాసన తగిలిందంటే సుంకులమ్మ కట్ట మీద నా పరువు యాడుంటాది?"

"అంత భయమున్నోడివి ఈ పొద్దన్నా తాగకుండా ఉండాల్సింది."

"తాగకుండా వాని నోటికి ఆకు అందిచ్చేదెట్ల? చెయ్యి వణకదా?" ఓబులేసు నవ్వి, ఖాళీ సీసా గోడవతలకి విసిరేశాడు. "గొంతు నుంచి బొడ్డుదాకా సల్లగా ఉండాది. పద, బండి కట్టమను."

అది పంతొమ్మిది వందల యాభై అయిదు. బేతంచెర్లకు పడమట ఉన్న రాళ్లకొట్టాలలో రెండు ఇళ్లకు నాపరాతి గనులుండేవి. ఒకటి ఓబులేసుది, ఒకటి పెద్ద ఈరన్నది. రెండు గనుల నడుమ హద్దు కింద మంచి రాతి పొర ఒకటి ఉంది. ఆ పొర కోసం రెండు వైపులా మనుషులు పోయారు. కొడవళ్లతో నరుక్కున్నారు, గుంతల్లోకి తోసుకున్నారు. చివరికి ఇద్దరి దగ్గరా రాయి కొనే బనగానపల్లె వర్తకుడు శ్రీనివాసులు అటూ ఇటూ తిరిగి ఇద్దర్నీ రాజీకి ఒప్పించాడు.

ఆ ఊళ్లో రాజీకి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు పెద్దలూ పరగడుపున రావాలి. నోరు శుభ్రంగా ఉండాలి. సుంకులమ్మ రాతి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసి, ఎదురెదురుగా కూర్చుని, ఒకరి నోటికి ఒకరు తాంబూలం అందించాలి. శత్రువు చేతి ఆకు నమిలి మింగితే పగ తీరినట్టే. తాగి వచ్చినవాడి ప్రమాణం చెల్లదు. పైగా అది మద్యనిషేధం కాలం. సారా తాగడం పోలీసు కేసు కూడా.

ఓబులేసు ఆ భయంతోనే తైలం మింగాడు. లక్ష్మీదేవమ్మ బండెక్కి, ఇరవై ఏళ్ల కొడుకు శివన్న పక్కన కూర్చుంది. బండిలో గడ్డి మామూలుకన్నా ఎత్తుగా పరిచి ఉంది. ఎందుకని ఆమె అడగలేదు.

*

సుంకులమ్మ కట్ట రెండు గనుల మధ్య బండ మీద ఉంది. పొద్దు బాగా ఎక్కింది. తెల్లరాయి మీద ఎండ కళ్లు పొడుస్తోంది. ఒకవైపు ఓబులేసు మనుషులు, ఒకవైపు ఈరన్న మనుషులు, మధ్యలో గొడుగు పట్టుకుని శ్రీనివాసులు.

ప్రమాణాలయ్యాయి. ముందు ఓబులేసు ఆకు చుట్టి ఈరన్న నోటికి అందించాడు. ముసలాయన ముఖం పక్కకి తిప్పుకుని దగ్గాడు.

"ఏమప్పా ఓబులేసూ, నీలగిరి కొండలన్నీ మింగి వచ్చినావా ఏంది? కండ్లు మండుతాండాయి."

అటూ ఇటూ నవ్వారు. ఎన్నో ఏళ్ల తరవాత రెండు వైపుల వాళ్లూ ఒకే మాటకి నవ్వడం అదే.

"జలుబు," అన్నాడు ఓబులేసు. మాట ముద్దగా వచ్చింది.

ఈరన్న కొడుకు నరసన్న కొత్త పంచె కట్టుకుని తండ్రి పక్కన కూర్చున్నాడు. రెండు తమలపాకులు తుడిచి, సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి తండ్రి చేతికిచ్చాడు. ఈరన్న దాన్ని ఓబులేసు నోట్లో పెట్టాడు.

ఓబులేసు రెండు నములు నమిలాడు. దవడ ఆగిపోయింది. నుదుటి మీద చెమట బొట్లు కట్టింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని లేచాడు, ఎటో వెళ్లాలన్నట్టు అడుగు వేశాడు. కాళ్లు అప్పుడే పుట్టిన దూడ కాళ్లలా ఎడంగా జారాయి. మింగని ఆకు బుగ్గలోంచి జారిపడింది. వెంటనే భళ్లున కక్కుకుని సుంకులమ్మ రాతి ముందు బోర్లా పడ్డాడు.



అందరికంటే ముందు కదిలినవాడు గోపన్న. ఈరన్న అన్న కొడుకు. ఓబులేసును లేవనెత్తడానికి పరుగెత్తుకొచ్చి, రెండు చంకల కింద చేతులు వేశాడు.

"ఆకులో మందు పెట్టినారు రా," అని అరిచాడు మహానంది. ఓబులేసు తమ్ముడు. అప్పటికే అతను బండి దగ్గరున్నాడు. గడ్డిలోంచి వేటకొడవలి లాగాడు. కొడవళ్లు తేకూడదని మాటిచ్చుకున్నారు. ఆ మాట మహానంది నిలుపుకోలేదు.

గోపన్న వంగే ఉన్నాడు. కొడవలి మెడ మీద పడింది. అతను ఓబులేసు మీదే వాలిపోయాడు. ఇద్దరి కింది బండా ఎర్రబడింది.

ఆ తరవాత అంతా రాళ్లూ కొడవళ్లూ. ఈరన్న మనుషుల చేతుల్లో ఏమీ లేదు. అందిన పలక ముక్కలు విసిరారు. ఒక ముక్క తగిలి మహానంది మనిషి ఒకడి కన్ను పోయింది. ఇంకొకడు ఈరన్న తమ్ముణ్ణి వెన్నులో పొడిచి, పొడిచిన ఈటె లాగలేక వదిలేసి పరుగెత్తాడు. ముసలాయన్ని అతని వాళ్లు ఎత్తుకుని తమ గని పాకలోకి లాక్కుపోయి, పలకలు అడ్డం పేర్చుకున్నారు. నరసన్న వెనకబడ్డాడు. తండ్రి వైపు రాళ్లు వస్తుంటే అడ్డం నిలబడి, దొరికిపోయాడు.

శివన్న ఆ గొడవలో లేడు. తండ్రిని బండి మీదికి చేర్చి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. విషం దిగాలని ఎవరో చింతపండు పులుసులో ఉప్పు కలిపి తెచ్చారు. వెల్లకిలా పడుకోబెట్టి ముక్కు మూసి నోట్లో పోశారు. ఓబులేసు గొంతులో గరగర మొదలైంది. పెదవులు నీలం తిరిగాయి. శివన్న తండ్రి కనురెప్పలు ఎత్తి చూశాడు. తన నీడ పడుతున్నా ఆ పెద్ద కళ్లలో పాపలు ఆవగింజలంతే ఉన్నాయి.

ఊరి మొదటి ఇల్లు రాకముందే ప్రాణం పోయింది. లక్ష్మీదేవమ్మ మొగుడి మూతి తుడిచింది. కొంగుకి సారా వాసన లేదు, ఆకు వాసన లేదు. నీలగిరి తైలం వాసనే.

*

శవాన్ని వసారాలో దించారు. మహానంది మొలకి నెత్తురు కొడవలితోనే గడప దాటాడు.

"చితి పేర్చండి. నరసన్నను మన గనిలో కట్టేసి పెట్టినా. పొద్దు గుంకేలోగా పని అయిపోవాల. శివన్నా, చితికి నిప్పు పెట్టే చెయ్యి నీది. ముందు ఆ నాకొడుకు తల పగలగొట్టే చెయ్యి గూడా నీదే."

"మహానందీ," అంది లక్ష్మీదేవమ్మ. "ఆకులో ఏమీ లేదు. మీయన్న పొద్దున సారా తాగినాడు. వాసన కప్పడానికి సీసాడు నీలగిరి తైలం మింగినాడు. నా కండ్లతో చూసినా. కట్ట మీద ఆకు మింగనే లేదు, రెండు నములు నమిలి పడిపోయినాడు. అదే మనిషిని తినేసింది."

వసారాలో ఉన్నవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. మహానంది రెండడుగులు వేసి అరచేత్తో ఆమె నోటి మీద కొట్టాడు. పెదవి చిట్లింది.

"సచ్చిపోయినోన్ని తాగుబోతును చేస్తాండావా వదినా? సుంకులమ్మ ముందర దొంగ ప్రమాణం చేసినాడని సాటిస్తావా? ఆ తైలం మా అవ్వ మోకాళ్లకు రాసుకునేది. పసిపిల్లోళ్ల రొమ్ముకు రాసేది. దాంతో మనిషి సచ్చిపోతే ఈ జిల్లాలో ఒక్కడు మిగలడు."

ఎవరో ఔనన్నట్టు తలూపారు. మహానంది అబద్ధమాడటం లేదని ఆమెకి తెలుసు. అతను నిజంగానే నమ్మాడు. పొద్దున ఆమె కూడా అలాగే నమ్మింది. అందుకే మొగుడి చేతిలోంచి సీసా లాక్కోలేదు.

జుట్టు పట్టి ఈడ్చి ఆమెను ధాన్యం గదిలోకి నెట్టి గొళ్లెం పెట్టాడు.

కాసేపటికి తలుపవతల కాళ్ల చప్పుడు ఆగింది.

"మా."

"శివన్నా, గొళ్లెం తియ్యి."

"తియ్యను. నువ్వు గనికి వస్తే చిన్నాయన నిన్ను గూడా నరికేటట్టు ఉండాడు." గొంతు తగ్గించాడు. "నాయిన తాగింది నాకు తెల్సు. పొద్దున నాకు గూడా వాసన తగిలింది."

"తెల్సీ పోతాండావా?"

"సారా తాగితే మనిషి సస్తాడా? తైలంతో సస్తాడంటే ఎవరు నమ్ముతారు మా? నాకే నమ్మకం కుదరడం లేదు."

"నరసన్న ఆకు మడిచినాడు. అంతే వాడు చేసింది."

"నేను కొట్టకపోతే చిన్నాయన కొడతాడు. వాడు ఎట్లయినా సచ్చేవాడే. ఓబులేసు కొడుకు సమ్మెట కింద పడేసి ఏడ్చినాడని మాత్రం నేను సచ్చేదాకా చెప్పుకుంటారు."

"వాడు సచ్చేది వేరే. నువ్వు చంపేది వేరే. ఇన్నేండ్లు నిన్ను ఈ నెత్తుట్లోకి దిగకుండా ఎట్ల కాపాడినానో నీకు తెల్సు. ఇయ్యాల మీ చిన్నాయన పక్కన నిలబడి ఒక్క దెబ్బ ఏసినావంటే ఇంక నువ్వు నా కొడుకువు కావు, మహానందివి అవుతావు."

 మహానంది పిలిచాడు. కాళ్ల చప్పుడు దూరమైంది.

లక్ష్మీదేవమ్మ గది కలయజూసింది. గోడవారగా జొన్న బస్తాలు. మట్టి మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి, దాని మీద వాన పడకుండా మూసిన చిన్న పలక. గూట్లో నీలగిరి తైలం సీసా ఇంకొకటి ఉంది. రైల్లో అమ్మేవాడి దగ్గర ఓబులేసు కొన్న జత సీసాల్లో రెండోది.

ఆమె ఆలోచన పెద్దదేమీ కాదు. గనికి వెళ్తుంది. అందరి ముందూ ఆ సీసా తాగుతుంది. మొగుడు పడినట్టే పడుతుంది. అప్పుడు నమ్ముతారు. కొడుకు చెయ్యి ఆగుతుంది.

సీసా ఒడిలో కట్టుకుంది. బస్తా మీద బస్తా దొర్లించి ఎక్కి, భుజంతో పలకని తోసింది. గవాచి అంచు రెండు చేతుల చర్మమూ లేపేసింది. తల దూరింది, భుజాలు దూరలేదు. ఊపిరి వదిలి పక్కకు తిరిగి లాక్కుంది. రైక చిరిగి వీపు గీరుకుపోయింది. మిద్దె మీదికి వచ్చి, పక్కింటి మిద్దె మీదికి దాటి, నిచ్చెన దిగి, చెప్పుల్లేని కాళ్లతో గని దారి పట్టింది. దారంతా రాతిముక్కలే. వెనకాల నెత్తుటి అడుగులు పడ్డాయి.

*

గని గుంతలో మనుషులు అర్ధచంద్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో నరసన్న. పెద్ద పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి మోకుతో కట్టారు. ఆకు మడిచిన కుడిచెయ్యి అప్పటికే చితకగొట్టారు. వేళ్లు ఏవి ఎటు ఉన్నాయో తెలియడం లేదు. ముందుపళ్లు లేవు. వాళ్లు వెంట లాక్కొచ్చిన శ్రీనివాసులు ఒక బండ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అతని గొడుగు విరిగి పక్కన పడి ఉంది.

శివన్న చేతిలో సమ్మెట ఉంది. ఇంకా ఎత్తలేదు.

"యాడ నుంచి వచ్చినావు?" అన్నాడు మహానంది వదినను చూసి.

ఆమె అతనికి చెప్పలేదు. అందరికీ వినబడేలా మాట్లాడింది. "కట్ట మీద మీరంతా ఉండారు. ఈరన్న ఏమన్నాడు? నీలగిరి కొండలన్నీ మింగినావా అన్నాడు. మీరు నవ్వినారు గూడా. ఆకు నోట్లో పెట్టకముందు అన్న మాట అది. వాసన యాడ నుంచి వచ్చింది? సీసా తైలం కడుపులో ఉండాది. ఆకు మింగినాడా? మింగకుండానే కింద పడింది. నేను చెప్పేది అబద్ధమైతే చెప్పండి."

మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈరన్న అన్న మాట అందరికీ గుర్తుంది.

"మహానందీ," అన్నాడు శ్రీనివాసులు, "ఆయమ్మ చెప్పే దాంట్లో..."

"నువ్వు నోరు ముయ్యి. నీ రాజీ మాయన్నను మింగింది."

లక్ష్మీదేవమ్మ ఒడిలోంచి సీసా తీసింది. "మాటలొద్దు. నేను తాగుతా. మీరు చూడండి."

బిరడా లాగింది. పెదవి దగ్గరికి తెచ్చేలోగా మహానంది ఆమె మణికట్టు పట్టుకున్నాడు. సీసా ఆమె చేతిలోంచి తీసేసుకున్నాడు.

"ఆడదాని నాటకం నాకు తెల్దా? రెండు గుక్కలు తాగుతావు, కండ్లు తిరిగినట్టు పడతావు, నీ కొడుకు అమ్మా అని ఏడుస్తా సమ్మెట పారేస్తాడు." మనుషుల వైపు తిరిగాడు. గుసగుసలు అతనికి వినబడుతూనే ఉన్నాయి. అవి ఆగాలి. "ఇది విషమంట. పిల్లోళ్ల దగ్గు మందు విషమంట. చూడండి అప్పా."

సీసా ఎత్తాడు.

ఆ క్షణంలో ఆమె చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. అతని మోచెయ్యి తట్టినా సీసా రాళ్ల మీద పడి పగిలేది. కొడుకు వైపు చూసింది. శివన్న పిడికిళ్లు సమ్మెట కామ మీద తెల్లబడి ఉన్నాయి. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

మహానంది గటగట తాగాడు. దగ్గాడు. కళ్లు తుడుచుకున్నాడు. సీసా తిరగేసి చూపించాడు. చుక్క రాలలేదు.

"ఏమయింది? గొంతు మండింది. కడుపు సల్లగా ఉండాది. సచ్చినానా?" నవ్వాడు. కొందరు నవ్వారు. "శివన్నా, ఎత్తు."

"ఆగండి," అంది లక్ష్మీదేవమ్మ. మొగుడికి ఎంతసేపు పట్టిందో ఆమెకి తెలుసు. ఇంటి దగ్గర మింగాడు, కట్ట దాకా బండిలో వచ్చాడు, ప్రమాణం చేశాడు, ఆకు అందించాడు. అంతసేపూ ఆ సమ్మెటను ఆపాలి. "సచ్చేవాని నోట్లో నీళ్లు పొయ్యాల. పగోడైనా సరే. అట్ల చెయ్యకుండా చంపితే నా మొగుడు దప్పితో తిరుగుతాడు."

ఎంత పగలోనూ ఆ ఊరు తప్పని పద్ధతి అది. మహానందికి కూడా కాదనడానికి నోరు రాలేదు. "కానీ. బిన్నె పొయ్యి, తడవు చెయ్యొద్దు," అన్నాడు.

నీళ్ల కడవ అవతలి పాకలో ఉంది. ఆమె కుంటుతూ వెళ్లింది, కుంటుతూ వచ్చింది. నరసన్న తల పక్కన కూర్చుని కొంగు తడిపి చిరిగిన పెదవుల మీద పిండింది.

"అత్తా, ఆకులో ఏమీ పెట్టలేదు," అన్నాడు. పళ్లు లేని నోట్లోంచి మాట ఈలలా వచ్చింది.

"తెల్సు. నిదానంగా తాగు."

"చాలు."

"చాలదు. ఇంకా దప్పిగా ఉండాదను."

అతనికి అర్థమైందో లేదో, నోరు తెరిచాడు. ఆమె మళ్లీ కొంగు తడిపింది. మళ్లీ పిండింది. ఎండ వాలుతోంది. వెనక మహానంది అసహనంగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒకసారి తేన్చాడు. పొట్ట రుద్దుకున్నాడు.

"ఎంతసేపు? వాన్ని పెండ్లికొడుకును చేస్తాండావా?" వచ్చి కడవని కాలితో తన్నాడు. పలక మీద నీళ్లు పారాయి. వదిన జుట్టు పట్టి పక్కకి లాగాడు. ఆమె మోకాలు రాతి అంచుకి తగిలి చీలింది. మెడ వెనక అతని పిడికిలి మొదట ఇనుపకట్టులా ఉంది. తరవాత ఎందుకో సడలింది.

"ఎత్తరా," అన్నాడు. "ఏం జూత్తాండావ్. ఎత్తు."

"మహానందీ, నీ మాట ఎట్లనో వస్తాండాది," అన్నాడు శ్రీనివాసులు బండ మీంచి లేస్తూ.

"నాకేమి. ఎండ."

శివన్న సమ్మెట ఎత్తాడు. తల పైదాకా తెచ్చాడు. దాని కిందే నరసన్న తల. శివన్న చూపు మాత్రం నరసన్న మీద లేదు. పలక అవతల ఎదురుగా నిలబడిన చిన్నాయన ముఖం మీద ఉంది. అతని నుదురంతా చెమట. పెద్ద పెద్ద కళ్లు. ఆ కళ్లలో పాపలు ఆవగింజలంత.

పొద్దున బండిలో తండ్రి రెప్పలు ఎత్తి చూసింది అవే కళ్లు.

శివన్న సమ్మెట దించాడు. నరసన్న మీదికి కాదు, పక్కన నేల మీదికి, మెల్లగా. "నేను కొట్టను," అన్నాడు.

"థూ," అన్నాడు మహానంది. వంగి సమ్మెట అందుకున్నాడు. "నేనే..." రెండు చేతులా ఎత్తాడు. లక్ష్మీదేవమ్మ పాకుతూ వెళ్లి నరసన్న మీద పడింది. సమ్మెట దిగింది. వాళ్లిద్దరికీ జానెడు దూరంలో పలకకి తగిలి నిప్పురవ్వలు లేచాయి. పలక నిట్టనిలువునా పగిలింది. సమ్మెటతో పాటు మహానంది కూడా ముందుకు వచ్చాడు. మోకాళ్ల మీద పడి, భళ్లున కక్కి, పక్కకి ఒరిగిపోయాడు. గని గుంతంతా నీలగిరి ఘాటు కమ్మింది.

కాళ్లు నేలని తన్నుకున్నాయి. 

ఒకడు చేతిలోని కొడవలి కింద పెట్టాడు. ఇంకొకడు పెట్టాడు. శివన్న నరసన్న కట్టు విప్పడానికి కూర్చున్నాడు. ముడి బిగుసుకుపోయి అతని గోళ్లు విరిగాయి.

"చింతపండు పులుసు తెండి," అని ఎవరో అన్నారు.

"ఆయనకు పోసినారు గదా, ఏమయింది?" అంది లక్ష్మీదేవమ్మ. "రాళ్ల లారీ తియ్యండి. ఇద్దర్నీ ఆసుపత్రికి ఎత్తండి."

*

బేతంచెర్ల ఆసుపత్రి వసారాలో డాక్టరు చేతులు కడుక్కుంటూ విన్నాడు. ఆయన కోస్తా మనిషి. కేకలు వేయకుండా మాట్లాడాడు.

"వాసన పీల్చుకోవడానికి, ఒంటికి రాసుకోవడానికి మంచిదే. లోపలికి మాత్రం ఒకటి రెండు చెంచాలు పోయినా మనిషి నిలబడటం కష్టం. పరగడుపునైతే మరీ తొందరగా ఎక్కుతుంది. మీ ఆయనకి పడుకోబెట్టి పులుసు పోశారన్నారు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయుంటుంది. అది రెండో దెబ్బ." తువాలుతో చేతులు తుడుచుకున్నాడు. "మీ మరిది తాగింది సీసాడు. గొట్టం వేసి కడిగాను. గుండె ఆగిపోయింది."

నరసన్న బతుకుతాడన్నాడు. కుడిచెయ్యి మాత్రం తీసేయాలి.

పోలీసులు వచ్చారు. కట్ట మీద పోయినవాళ్ల శవాలు అప్పటికే స్టేషనుకి చేరాయి. సబిన్స్పెక్టరు ఓబులేసు మనుషులందర్నీ గోడ వెంట వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేతులూ, అంగీ చేతుల మడతలూ తిప్పి చూశాడు. ఎండిన నెత్తురు ఒకరి గోళ్లలో ఉంది, ఒకరి పంచె అంచున ఉంది. వాళ్లని పోలీసు బండి వైపు నడిపించారు. శివన్న దగ్గరికొచ్చి ఆగాడు.

"నువ్వు?"

శివన్న చేతులు చాపాడు. విరిగిన గోళ్లు, మోకు ఒరుసుకున్న అరచేతులు. సబిన్స్పెక్టరు కట్టు కట్టించుకుంటున్న నరసన్న వైపు చూశాడు.

"వాడు కొట్టలేదు," అన్నాడు నరసన్న. "కట్టు విప్పినాడు."

సబిన్స్పెక్టరు ముందుకు కదిలాడు. బెంచీ మీద కూర్చున్న లక్ష్మీదేవమ్మ అప్పుడు ఊపిరి వదిలింది.

మహానంది పెళ్లాం నాగక్క బండి దిగి వచ్చింది. దారిలోనే ఎవరో అంతా చెప్పేసి ఉంటారు. లోపల శవాన్ని చూసి బయటికి వచ్చి తోటికోడలి ముందు నిలబడింది. ఏడవడం లేదు.

"నీకు తెల్సు గదా అక్కా. బావ ఎట్ల పోయినాడో నీకు తెల్సు."

"తెల్సు."

"ఆయప్ప సీసా ఎత్తినప్పుడు పక్కనే ఉండావంట."

"ఉండా."

"ఆపొచ్చు గదా."

శ్రీనివాసులు ఏదో సర్దిచెప్పబోయాడు. మహానంది తనంతట తానే లాక్కున్నాడని, అందరూ చూశారని. లక్ష్మీదేవమ్మ చెయ్యి అడ్డం పెట్టి అతన్ని ఆపింది.

"ఆపొచ్చు," అంది. "ఆపలేదు."

నాగక్క కొట్టింది. పగిలిన పెదవి మళ్లీ పగిలింది. రెండోసారి కొట్టింది. మూడోసారి రెండు చేతులా జుట్టు పట్టుకుని బెంచీ మీంచి కిందికి లాగింది. గోడ దగ్గర్నుంచి శివన్న పరుగెత్తుకొచ్చాడు, పిడికిలి బిగించి.

"ఆడనే ఉండు," అంది లక్ష్మీదేవమ్మ నేల మీంచి. "శివన్నా, నువ్వు చెయ్యెత్తొద్దు. ఆడనే ఉండు."

శివన్న ఆగిపోయాడు.